వయసు గీత మీద రెండు గుండ్లు

నేను చెప్పే మాటల్లో నూటికి పది నిజాలుంటాయని దోహాలో మా కూలీల క్యాంపులో ఒక అంచనా ఉండేది. ఆ పది కూడా నోరు జారి వచ్చినవేనని మా బావ అనేవాడు. ఎండాకాలంలో మా ఆఫీసు క్యాబిన్ తలుపు పిడి పట్టుకున్న ఒకడికి అరచేతి గీతలన్నీ కరిగిపోయాయనీ, సెలవుకు పోయి చెయ్యి చూపించుకుంటే జ్యోతిష్కుడు "నాయనా, నువ్వింకా పుట్టనేలేదు" అని పంపేశాడనీ కొత్తగా దిగిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఊరి శివారులో మెసైమీర్ అవతల ఒక ఒంటెను జగిత్యాల యాసలో తిడితే అది సిగ్గుపడి పక్కకు జరిగిందని కూడా చెప్పాను. ఒకడు శుక్రవారం నాడు తలంటుకొని, కొత్త చొక్కా వేసుకొని వచ్చి, ఆ ఒంటెను చూపించమన్నాడు.

అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్లు జంకాను. ఇది ఆ పదిలోది. నోరు జారి వచ్చింది మాత్రం కాదు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తుందని దోహా మొత్తాన్ని తవ్వి పోస్తున్న రోజులవి. మా కంపెనీ వంతుకు పెద్ద స్టేడియం రాలేదు. జట్లు వచ్చి ప్రాక్టీసు చేసుకునే ఒక మైదానం, దాని పక్కన చిన్న గ్యాలరీ, ఆ గ్యాలరీ మీద చేట బోర్లించినట్టు ఒక కప్పు. అంతే. నేను మొదట కూలికి వచ్చి, తర్వాత టైమ్ కీపరై, చివరికి ఏసీ క్యాబిన్‌లో కంప్యూటరు ముందు కూర్చున్నవాణ్ణి. గేటు దగ్గర ఎవరు కార్డు గీకారు, ఎవరు ఏ పనిలో ఉన్నారు, ఎవరు జ్వరంతో క్యాంపులో పడుకున్నారు, ఇవన్నీ పోగుచేసి మేనేజరుకు రిపోర్టు చెయ్యడం నా డ్యూటీ.

మేనేజరు లెబనాన్ మనిషి. పొద్దున్నే కాఫీతో పాటు నా కాగితాలు ముందేసుకునేవాడు. "వెల్డర్లు ఎంతమంది?" చెప్పేవాణ్ణి. "అందులో రాత్రి షిఫ్టు వాళ్లను తీసేస్తే?" క్యాబిన్‌కు పరుగెత్తి, లెక్కగట్టి తెచ్చేవాణ్ణి. "అందులో రెండో క్యాంపు వాళ్లే ఎంతమంది?" మళ్లీ పరుగు. ఆ వేసవిలో మా రెండు క్యాబిన్ల మధ్య నేను నడిచిన దూరం కలిపితే కరీంనగర్ దాటి వరంగల్ పోయేవాణ్ణి. ఒకనాడు ఆయనకే విసుగొచ్చింది.

"హబీబీ, నా ప్రశ్న నేనే వేసుకొని, నా జవాబు నేనే చూసుకునేటట్టు చెయ్యలేవా?"

చెయ్యగలను అన్నాను. అప్పటికి నాకు రాదు. అల్ దోహా అల్ జదీదా పేటలో, నా గదిలో, పై బెర్తు మంచం మీద పడుకొని, సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి కాగితాలు పోయి తెర వచ్చింది. ఎడమ పక్క చిన్న గళ్లు: పని పేరు, క్యాంపు, షిఫ్టు. వెల్డర్ల గడి మీద వేలు పెడితే తెర మీద బొమ్మలన్నీ ఒక్కసారి కదిలి వెల్డర్లు మాత్రమే మిగులుతారు. రెండో క్యాంపు అంటే వాళ్లలోంచి రెండో క్యాంపు వాళ్లే. మిగతావాళ్లు ఎక్కడికీ పోరు, వెనకాలే ఉంటారు. తెరకు మాత్రం కనపడరు. దాన్నే ఫిల్టర్ అంటారు.

మేనేజరు చిన్నపిల్లాడైపోయాడు. వచ్చిన ప్రతి అతిథికీ చూపించేవాడు. నేను పక్కన చేతులు కట్టుకొని, ఇదంతా నాకు పెద్ద విషయం కాదన్నట్టు నిలబడేవాణ్ణి. ఆ పొగరులో ఒక రోజు, ఎవరూ అడక్కుండానే, ఇంకో ఫిల్టర్ కూడా పెట్టాను. వయసు. దానికి గళ్లు ఉండవు. ఒక అడ్డగీత, ఆ గీత మీద అటొకటి ఇటొకటి రెండు గుండ్లు. ఎడమ గుండును ముప్పై దగ్గరికి, కుడి గుండును నలభై దగ్గరికి జరిపితే, ఆ మధ్య వయసువాళ్లే మిగులుతారు.

ఎవరూ అడక్కుండానే పెట్టాను. ఈ మాట రెండుసార్లు రాస్తున్నానంటే కారణముంది.

ఎండలు ముదరకముందు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. యాభై అయిదు దాటినవాళ్లను ఎత్తు మీద పనికి పెట్టకూడదు. కింద పని ఖాళీ లేకపోతే టికెట్టు కొట్టి ఇంటికి పంపాలి. మేనేజరు నన్ను పిలిచి, "నీ గుండ్లు ఇప్పుడు పనికొస్తాయి" అని మెచ్చుకున్నాడు. "మొన్న వచ్చిన కొత్తవాళ్ల వివరాలు కూడా ఎక్కించు. రేపు పొద్దున చూద్దాం."

 మా బావ గుర్తుకొచ్చాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. నాకప్పుడు నలభై ఏడు, ఆయనకు నలభై తొమ్మిది. కానీ పాస్‌పోర్టులో యాభై ఏడు. మా దిక్కు నుంచి గల్ఫుకు వచ్చిన పాతవాళ్ల పాస్‌పోర్టులు చూస్తే సగం మంది ఒకే తారీఖున పుట్టినట్టుంటారు. బడిలో సారు ఒక తారీఖు రాస్తే, ఏజెంటు ఇంకో తారీఖు రాసేవాడు. బావ పదిహేడేళ్లప్పుడు ఏజెంటు ముందు నిలబడ్డాడు. వీసాకు వయసు చాలదు. ఏజెంటు తలెత్తి మీసం చూసి, ఇరవై అయిదు రాయించాడు.

"ఎనిమిది వెంట్రుకలుండె అప్పుడు నాకు," అని బావ నవ్వేవాడు. "వెంట్రుకకు ఒక్క యేడు ఎక్కిచ్చిండు."

ఆ ఎనిమిదేళ్లు ముప్పై రెండేళ్లపాటు ఆయన జేబులో చప్పుడు చెయ్యకుండా పడి ఉన్నాయి. ఇప్పుడు నా గుండ్లు వాటిని బయటికి లాగబోతున్నాయి.

ఆ సాయంత్రం క్యాంపుకు పోయాను. బావ వంటగదిలో పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ పిసుకుతున్నాడు. చెప్పాను. చెయ్యి ఆగలేదు.

"అంటే, నువ్వు తెర మీద వేలు జరిపితే నేను ఇంటికి పోతనన్నట్టు."

"నేను కాదు బావా, మేనేజరు జరుపుతడు."

"జరిపే గుండు ఎవలు చేసిన్రు?"

 ఆయన ఉప్పు చూసి, గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

"పోతే పోత బామ్మర్దీ, ఊరు చేదా? కని ఒక్కపారి పోయిన్నంటే గా పాస్‌పోర్టు మీద మల్ల ఎవ్వడు వీసా ఇయ్యడు. ఊర్ల అందరు దుబాయ్ దుబాయ్ అంటరు గని, నాకు వచ్చిన పని ఊర్ల యాడుంది? కప్పులు, కాలువలు, అతుకులు. ఊర్ల పూరాగ చూస్తె గింత పెద్ద కప్పు స్కూలుకు సుత లేదు." గిన్నె మీద మూత పెట్టి, "పెద్దోనిది ఐటీఐ ఇంక రెండేండ్లుంది. గంతవరకన్న ఆగితే మంచిగుండు" అన్నాడు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, తప్పు సగం పంచుకునేవాళ్లం.

బావ పని గ్యాలరీ కప్పు అంచున. వాన నీళ్లు పోవడానికి అక్కడ నడుం లోతు రేకు కాలువ ఉంటుంది. రేకుకూ రేకుకూ మధ్య అతుకులో జిగురు పూసి, వేలితో నున్నగా తీర్చాలి. గ్లౌజు వేసుకొమ్మని సేఫ్టీ వాళ్లు అరిచేవాళ్లు. వాళ్లు పోగానే విప్పేవాడు. ఆయన వేలు తీర్చిన అతుకు మీద చెయ్యి పెడితే గాజు మీద పెట్టినట్టుండేది.

మర్నాడు పొద్దున మేనేజరు రాకముందే ఆఫీసుకు పోయాను. పుట్టిన తేదీలున్న పట్టిక తెరిచాను. బావ వరస దొరికింది. తేదీని మార్చడానికి ధైర్యం చాలలేదు; హెడ్డాఫీసు దగ్గర పాస్‌పోర్టు నకలుంటుంది, ఎవరైనా పోల్చి చూస్తే దొంగతనం. అందుకని తేదీ తీసేశాను. గడి ఖాళీ. అడిగితే "ఎక్కించేటప్పుడు తప్పిపోయింది సార్" అనొచ్చు. గుండ్లు జరిపి చూశాను. యాభై ఆరు నుంచి డెబ్బై దాకా తొమ్మిది మంది వచ్చారు. బావ లేడు. వయసు లేనివాణ్ణి ఏ గుండు పట్టుకుంటుంది? నా తెలివికి నేనే నవ్వుకున్నాను.

తొమ్మిది మందినీ నెల రోజుల్లో పంపించారు. వాళ్లలో రాజస్థాన్ వడ్రంగి ఒకాయన పోయే ముందు నా క్యాబిన్‌కు వచ్చి, చెయ్యి కలిపి, "కంప్యూటర్ మే మేరా నామ్ అభీ భీ హై క్యా?" అని అడిగాడు. కంప్యూటరులో ఆయన పేరు ఇంకా ఉంది అని చెప్పాను. అబద్ధం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు సయించింది.

ఆ తర్వాత మేనేజరు ఎడమ గుండును మొదటికి తెచ్చి, కుడి గుండును యాభై అయిదు దగ్గర నిలబెట్టి వదిలేశాడు. "ఇప్పుడు మనవాళ్లంతా ఈ గీత లోపలే," అని తృప్తిపడ్డాడు. అయితే ఇంకో పేచీ పెట్టాడు. "ఈ పేజీలో గుండు జరిపితే పక్క పేజీ వినడం లేదు. అన్నీ ఒకే మాట మీద ఉండాలి." సరేనని అన్ని పేజీలకూ లంకె పెట్టాను. ఒకచోట జరిపితే అంతటా జరుగుతుంది. కంప్యూటరు ఆపి మళ్లీ తెరిచినా, పెట్టినచోటే ఉంటుంది.

ఆ రిపోర్టులో ఆఖరి పేజీ ఒకటుంది. అది సేఫ్టీ వాళ్లది. సైరన్ మోగితే అందరూ బస్సు షెడ్డు దగ్గరికి వచ్చి కార్డు గీకాలి. లోపలికి పోయినవాళ్లెందరు, షెడ్డుకు చేరినవాళ్లెందరు, చేరనివాళ్లెందరు, ఈ మూడు అంకెలే ఆ పేజీ నిండా పెద్దగా ఉంటాయి. లంకెల్లో ఒకటి ఆ పేజీకీ పోయింది. దాన్ని తియ్యాల్సింది. గుర్తు రాలేదని రాస్తే చదివేవాళ్లు నమ్ముతారు. కానీ గుర్తొచ్చింది. గురువారం సాయంత్రం, బస్సు హారన్ కొడుతున్నప్పుడు గుర్తొచ్చింది. శనివారం తీద్దామనుకున్నాను. శనివారం వేరే పని పడింది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. అంతకుముందు చలికాలంలో సైరన్ కొట్టి ఉత్తుత్తి డ్రిల్లు చేశారు. మా సేఫ్టీ ఆఫీసరు హైదరాబాదు భాయ్, తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడేవాడు, మంచి మనిషి, కానీ ఎప్పుడూ మూతి ముడుచుకొని ఉండేవాడు. ఆయన్ను నవ్వించాలని, అందరూ చేరాక, "భాయ్, కప్పు మీద ఒకడు నిద్రపోతున్నాడు" అన్నాను. ఆయన మూడు నిచ్చెనలు ఎక్కి రొప్పుకుంటూ పోయి చూశాడు. పావురం. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. ఆయన మాత్రం దిగి వచ్చి, "ఫేకూ మియా, ఏక్ దిన్ సచ్ బోలేంగే ఔర్ కోయి నై సునేగా" అని, నేను అర్థం కానట్టు చూస్తే తెలుగులో కూడా చెప్పాడు. "కోతలరాయుడా, ఒకరోజు నిజం చెప్తావ్. అప్పుడు ఎవ్వరూ వినరు."

ఆ లంకె తియ్యకుండానే ఉన్న ఒకనాడు పొద్దున పది గంటల వేళ ఉత్తరం దిక్కున ఆకాశం అంచు ఇటుక రంగుకు తిరిగింది. ఇసుక గాలి అక్కడ కొత్త కాదు, కానీ ఇది నడిచి రాలేదు, గోడలాగా నిలబడి వచ్చింది. క్రేను పై భాగం మాయమైంది. తర్వాత గ్యాలరీ మాయమైంది. సైరన్ మోగింది. నేను ముక్కుకు గుడ్డ కట్టుకొని బస్సు షెడ్డుకు పరుగెత్తాను. పళ్ల మధ్య కరకరమంటోంది.

షెడ్డు పక్కన సేఫ్టీ క్యాబిన్, దాని అద్దం వెనక పెద్ద తెర. మనుషులు గుంపులుగా వచ్చి కార్డు గీకుతుంటే అంకె ఎక్కుతోంది. తొంభై. నూట నలభై. రెండు వందలు. చివరికి లోపలికి పోయినవాళ్లు రెండు వందల పదమూడు, చేరినవాళ్లు రెండు వందల పదమూడు, చేరనివాళ్లు సున్నా. తెర పచ్చగా వెలిగింది. భాయ్ వాకీటాకీలో చెప్పాడు: "అందరూ వచ్చారు. కప్పు నిచ్చెన గేటుకు తాళం వెయ్యండి. బస్సుల్లో ఎక్కించండి."

అప్పుడు నా చొక్కా చూసుకున్నాను.

ఇసుక గాలి వచ్చినప్పుడల్లా బావకు ఒక అలవాటు. షెడ్డులోకి రాగానే నన్ను వెతుక్కొని, "ఏసీ బామ్మర్దీ, ఇటురా" అని నా తెల్ల చొక్కా అంచుతో మొహం తుడుచుకునేవాడు. నేను తిట్టేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఆ రోజు నా చొక్కా అంచు శుభ్రంగా ఉంది.

గుంపులో వెతికాను. బావ హెల్మెట్ మీద ఎర్ర టేపు అడ్డంగా అంటించి ఉంటుంది. వరసలన్నీ తిరిగాను. ముఖాలన్నీ గుడ్డలు, కళ్లన్నీ ఎరుపు, ఎర్ర టేపు మాత్రం లేదు. కాలువ పని చేసే బిహారీ కుర్రాణ్ణి పట్టుకొని అడిగాను. "చాచా పీఛే ఆ రహే థే," అన్నాడు. వెనకాలే వస్తున్నాడట. "కబ్ దేఖా?" ఎప్పుడు చూశావంటే, వాడు గాలి వైపు చెయ్యి చూపించాడు.

తెర పచ్చగానే ఉంది. సున్నా.

ఆ సున్నా ఎందుకు వచ్చిందో నాకు ఒక్కసారిగా తెలిసింది.  మా బావను గుండ్ల నుంచి దాచాను కదా. దాచినవాడు అంతటా దాగిపోయాడు. గీతకు లోపల లేడు, బయట లేడు. పొద్దున్నే గేటు దగ్గర కార్డు గీకాడు, కానీ ఆ తెరకు సంబంధించినంతవరకు ఆ మనిషి లోపలికి పోనేలేదు. పోనివాడు రాలేదని ఎవరు చెప్తారు? మా క్యాబిన్ తలుపు పిడి పట్టుకున్నవాడి కథ గుర్తొచ్చింది. నువ్వింకా పుట్టనేలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. తెలిసిన వెంటనే అరవలేదు.  అరిస్తే ఖాళీ గడి ఎవరు చేశారని అడుగుతారు. బావ ఇంటికి, నేను ఇంటికి. ఒకవేళ బావ మరుగుదొడ్డిలో ఉన్నాడేమో, స్టోరులో ఉన్నాడేమో అని ఇంకో చుట్టు తిరిగాను. ఆ చుట్టు ఎంతసేపో నాకు తెలియదు. గ్యాలరీ వైపు నుంచి రేకు చిరిగిన శబ్దం వచ్చింది. బిగించని కప్పు రేకొకటి గాలిలో గిర్రున తిరుగుతూ షెడ్డు మీదుగా పోయి, ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరును కొట్టి వంగిపోయింది. అప్పుడు అరిచాను.

"భాయ్! కప్పు మీద ఒకడున్నాడు!"

ఆయన నా వైపు తిరిగాడు. చుట్టూ ఉన్న మా తెలుగువాళ్లలో ఎవడో అంత భయంలోనూ కిసుక్కుమన్నాడు. "మల్ల పావురమా అన్నా?"

"ఆజ్ నై, మియా," అన్నాడు భాయ్, అలసటగా. "ఈరోజు వద్దు."

"మా బావ. నిజం. తాళం తియ్యండి."

"తెర చూడు. సున్నా." అని బస్సు తలుపు వైపు తిరిగాడు.

ముప్పై ఏళ్లుగా జనం నా మాట నమ్మాలని అబద్ధాలకు ఎన్ని రంగులో వేశాను. ఒక్క రంగూ వెయ్యని మాట ఆ రోజు నా నోట్లోంచి బయటికి వచ్చి, నేల మీద పడి, అక్కడే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ఎత్తలేదు.

సేఫ్టీ క్యాబిన్‌లోకి దూరాను. మేనేజరు కూడా అప్పటికి అక్కడే ఉన్నాడు, రుమాలు మూతికి పెట్టుకొని. ఆయన ముందు నుంచి మౌస్ లాక్కున్నాను. మామూలు రోజైతే అందుకు ఉద్యోగం పోయేది. వయసు పేజీకి పోయి, గుండ్లను ముట్టుకోకుండా, వాటి పైనున్న చిన్న రబ్బరు గుర్తు మీద నొక్కాను. నొక్కితే ఆ ఫిల్టర్ తుడుచుకుపోతుంది. మళ్లీ ఆఖరి పేజీకి వచ్చాను.

రెండు వందల పద్నాలుగు. రెండు వందల పదమూడు. ఒకటి.

తెర ఎర్రగా మారింది. ఒకటి కింద ఒకే ఒక్క వరస. బావ కార్డు నంబరు, పని, క్యాంపు. వయసు గడి ఖాళీ.

మేనేజరు ఆ గడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఎవరు ఖాళీ చేశారు?"

"నేనే, సార్."

"తర్వాత," అన్నాడు. తలుపు తోసి బయటికి అరిచాడు. "యల్లా, త్వరగా! తాళం తియ్యండి! యల్లా!"

భాయ్ తాడు భుజాన వేసుకొని, ఇద్దరు నేపాలీలను తీసుకొని ఇసుకలోకి పోయాడు. మూడు అడుగుల తర్వాత ముగ్గురూ కనపడలేదు. నేను నిచ్చెన గేటు దాకా వాళ్ల తాడు కొస పట్టుకొని పోయి, అక్కడే నిలబడ్డాను. తాడు అప్పుడప్పుడు బిగిసేది, అప్పుడప్పుడు వదులయ్యేది. బిగిసినప్పుడు బతికే ఉన్నారనుకునేవాణ్ణి. వదులైనప్పుడు ఊపిరి ఆపేవాణ్ణి. మా అత్తకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని, మొదటి మాట మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నేను! మాటలకు కరువే లేనివాణ్ణి.

చాలాసేపటికి తాడు నా వైపు వదులుగా జారడం మొదలైంది. ఇసుకలోంచి ఒక హెల్మెట్ వచ్చింది. పసుపు. రెండోది. పసుపు. మూడోది భాయ్‌ది, తెల్లది. ఇంకొకటి రాలేదు. నా చేతిలోని తాడును గట్టిగా లాగాను, ఎందుకో నాకే తెలియదు. అప్పుడు భాయ్ వెనక నుంచి, ఆయన నడుం పట్టుకొని, హెల్మెట్ లేని తల ఒకటి దిగింది. గాలికి హెల్మెట్ ఎగిరిపోయిందట. నిచ్చెన దిగే చోటు కనపడక, బెల్టు కొక్కేన్ని గొట్టానికి తగిలించి, కాలువలో బోర్లా పడుకున్నాడట. ఆ కాలువ నడుం లోతు లేకపోయి ఉంటే నేను ఇది రాయగలిగేవాణ్ణి కాదు.

బావ నా ముందుకు వచ్చి, నా చొక్కా అంచు లాగి మొహం తుడుచుకున్నాడు. ఇసుకతో పాటు కొంచెం నెత్తురు కూడా అంటుకుంది.

"గింత సేపా బామ్మర్దీ?" అన్నాడు.

మర్నాడు మేనేజరు ఇద్దరినీ పిలిచాడు. తిడతాడని సిద్ధపడి పోయాను. తిట్టలేదు. పట్టిక తెరిచి, కుర్చీ నా వైపు తిప్పి, "ఖాళీ చేసింది నువ్వు. నింపేది కూడా నువ్వే" అన్నాడు.

బావ ముందుకొచ్చాడు. "సార్, పాస్‌పోర్ట్ ఏజ్ నో గుడ్. రియల్ ఏజ్ ఫార్టీ నైన్. ఏజెంట్..." అని మీసం మీద చెయ్యి వేసుకొని చూపించాడు. వెంట్రుకల సంగతి ఆయనకు ఇంగ్లీషులో రాలేదు. నాకు వచ్చు, కానీ నేను చెప్తే కథ అనుకుంటాడని ఊరుకున్నాను.

మేనేజరు చాలాసేపు బావ చేతుల వైపు చూశాడు. "నమ్ముతున్నాను," అన్నాడు. "కానీ రేపు నువ్వు పడితే, కోర్టులో నన్ను అడిగేది నీ మీసం గురించి కాదు."

నేను తేదీ కొట్టాను. రెండుసార్లు తప్పు పడింది. యాభై ఏడు. కుడి గుండు యాభై అయిదు దగ్గర నిలబడే ఉంది. బావ వరస నా కళ్ల ముందే తెర మీది నుంచి పోయింది.

కింద పని కోసం మేనేజరు నిజంగానే వెతికాడు. స్టోరులో మూడు వారాలు కూర్చోబెట్టాడు. తర్వాత టికెట్టు వచ్చింది. నన్ను ఎందుకు ఉంచాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక్క పని చెప్పాడు. ఏ పేజీలో ఏ ఫిల్టర్ పడి ఉన్నా పైన ఎర్ర పట్టీ రావాలి, తెర మీద లేనివాళ్లు ఎంతమందో ఆ పట్టీలో అంకె ఉండాలి. సేఫ్టీ పేజీని ఏ గుండూ ముట్టుకోకూడదు. మూడు రోజులు కూర్చొని చేశాను. నేను అక్కడ చేసిన పనుల్లో ఎవరికీ గొప్పగా చెప్పుకోనిది అదొక్కటే.

ఎయిర్‌పోర్టుకు పోయే వ్యాను ఎక్కుతూ బావ నవ్వాడు. "దాచిపెట్టి చంపబోయినవ్. చూపెట్టి ఇంటికి తోలినవ్. నీకంటే గా ఒంటెనే నయం బామ్మర్దీ." వ్యాను తలుపు వేసేముందు మాత్రం నవ్వు లేకుండా, "కాలువల రెండు బారల అతుకు మిగిలిపోయింది. గాలి వచ్చిన నాడు ఆడికే ఆపిన. ఎవలు పూస్తరో ఏమో" అన్నాడు.

ఆ చలికాలం దోహాలో ఒక పొద్దున వాన పడింది. పడితే పడ్డట్టే, రోడ్లన్నీ నీళ్లు. నేను గొడుగు లేకుండా గ్యాలరీ కిందికి పరుగెత్తాను. ఆ రెండు బారల చోటు నాకు తెలుసు. ఆ రోజు తాడు పట్టుకొని చూసిన చోటికి సరిగ్గా పైన. తలెత్తి నిలబడ్డాను. ఇంకెవరో పూశారు, మందంగా, వేలితో తీర్చకుండా. చూడ్డానికి అసహ్యంగా ఉంది. నీళ్లు మాత్రం గొట్టంలోంచి బుద్ధిగా కిందికి పోతున్నాయి. ఒక్క చుక్క కారలేదు.

అక్కడే నిలబడి ఊరికి ఫోను చేశాను.

"వాన పడుతుంది బావా."

"నిజమా, మల్ల కథనా?"

"గా చప్పుడు ఇను." ఫోను పైకెత్తి వినిపించాను.

 బావ మెల్లగా అడిగాడు. "కారుతుందా?"

"కారుతుంది," అన్నాను. "అంతటా పొడిగున్నది. నువ్వు ఆపిన కాడ, గా రెండు బారలు, ధార కట్టి కారుతుంది. మేనేజరు కింద బకెట్ పెట్టించిండు."

అవతల బావ పెద్దగా నవ్వాడు. ఇంట్లో ఎవరినో పిలిచి, "ఇన్నవా? నేను పూయని కాడనే కారుతుందట!" అని చెప్పడం వినిపించింది. మళ్లీ ఫోను దగ్గరికి వచ్చి, "ఒట్టు వెయ్యి" అన్నాడు.

వేశాను.